ఆగస్టు ఆరు వద్దన్నాను

కోరుట్లలో నేను సోషల్ చెప్పే ప్రైవేటు బడి గేటు పక్కన ఒక నల్లబల్ల ఉంటుంది. పొద్దున ప్రార్థనకు ముందే దాని మీద 'చరిత్రలో ఈ రోజు' రాయడం నా పని. ఎవరూ అప్పగించలేదు, నేనే మీద వేసుకున్నాను. జగిత్యాలలో బస్సెక్కినప్పటి నుంచి కోరుట్లలో దిగేదాకా ఫోన్‌లో అదే వెతుకులాట. వేర్వేరు శతాబ్దాల సంగతులు ఒకే తారీఖు కింద వరుసగా నిలబడితే, లోకం రహస్యం ఏదో నాకొక్కడికే దొరికినట్టు ఉండేది. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న జూలై నాలుగునే, సరిగ్గా యాభై ఏళ్లకు, ఆ దేశపు మాజీ అధ్యక్షులిద్దరు ఒకేరోజు కన్నుమూశారు. ఈ ముక్క నేను చెప్పని మనిషి కోరుట్ల బస్టాండులో లేడు. మిర్చీలు వేసే ఆయన నేను కనబడితే చాలు, మూకుడులోకి మరీ వంగేవాడు.

పిల్లలు నాకు పెట్టిన పేరు 'తారీఖుల సారు'. చాలాకాలం అది పొగడ్త అనుకున్నాను. మా సైన్సు సారు పుట్టినరోజు ఏప్రిల్ పదిహేను. స్టాఫ్‌రూములో ఆయన కేకు కోస్తుంటే, అంత పెద్ద ఓడ మంచుకొండను గుద్దుకుని సముద్రంలో మునిగిపోయింది ఇదే రోజని చెప్పాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో కూడా వివరించాను. ఆ తర్వాత మా బడిలో ఎవరూ పుట్టినరోజు బయటపెట్టలేదు.

ఇంత పిచ్చి ఉన్నవాడికి సొంత తారీఖు లేదు. మా నాయిన మల్లాపూర్ దగ్గరి ఊళ్లో తాళ్లెక్కి కల్లు గీసేవాడు. నేను నాట్లప్పుడు పుట్టానని అమ్మకు గుర్తు, ఆ రోజు వాన దంచికొట్టిందని నాయినకు గుర్తు. బడిలో వేసినప్పుడు పంతులు నన్ను ఎగాదిగా చూసి జూన్ ఒకటి అని రాసేశాడు. మా తరగతిలో సగం మందిమి జూన్ ఒకటినే పుట్టాం. ఒకే ఊళ్లో ఒకే రోజు అంతమంది పుట్టడం చరిత్రకెక్కవలసిన సంగతే, కాని ఏ నల్లబల్ల మీదా ఎవరూ రాయలేదు.

అందుకే కావచ్చు, నా బిడ్డ నీళ్లోసుకుందని తెలిసినప్పటి నుంచి, పుట్టబోయే మనుమడో మనుమరాలో ఒక గట్టి తారీఖున పుట్టాలని నా మనసులో పడింది.

బిడ్డను సిరిసిల్లలో ఇచ్చాం. వియ్యంకుల సొంతూరు పక్కనున్న తంగళ్ళపల్లి. వాళ్ల పెద్దలూ తాళ్లెక్కినవాళ్లే, ఇప్పుడు వీళ్లు సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుతున్నారు. మొదటి కాన్పు కాబట్టి బిడ్డను జగిత్యాల తీసుకొచ్చుకున్నాం. జూలై ఆఖరున డాక్టరమ్మ స్కానింగు చూసి, కడుపులో పిల్ల తలకిందికి తిరగలేదు, కాళ్లే కిందికున్నాయి, ఆపరేషన్ చెయ్యాలి అన్నది.

"రేపైనా చేస్తాను సార్. ఎంత తొందరగా అయితే అంత మంచిది. నొప్పులు వచ్చేదాకా మాత్రం ఆగొద్దు. మీకు రోజు కుదరగానే చెప్పండి."

మా దిక్కు డాక్టర్లు ఈ చివరి మాట తప్పనిసరిగా అంటారు. ఆపరేషన్ అనగానే జనం అయ్యగారి దగ్గరికి పోయి ముహూర్తం పెట్టించుకొస్తారని వాళ్లకు తెలుసు. లగ్గానికి పెట్టించినట్టే ఇప్పుడు పురుటికీ పెట్టిస్తున్నారు. నేను క్లాసులో దాన్ని తెగ ఎగతాళి చేసేవాణ్ణి. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు.

మర్నాడే వియ్యపురాలు ఫోన్ చేసింది.

"అన్నా, అయ్యగారు రెండు దినాలు చెప్పిండు. ఆరో తారీఖు, లేకుంటె తొమ్మిది. గవే మంచియట."

"చెల్లె, ఆగస్టు ఆరు హిరోషిమా మీద బాంబేసిన రోజు. తొమ్మిది నాగసాకి."

అవతల మగ్గాల చప్పుడును మించి ఆమె గొంతు పెంచింది.

"గా ఊర్లు ఏడున్నయన్నా?"

"జపానుల."

"మనోళ్లు ఎవలన్న ఉన్నరా ఆడ?"

ఎవరూ లేరని ఒప్పుకున్నాను. కాని పట్టు విడవలేదు. ముహూర్తాలను నమ్మను, చరిత్రను నమ్ముతాను అని ఇంట్లో ప్రకటించాను. నా భార్య బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తకుండానే అన్నది: "ఫరకేమున్నది? ఆయన పంచాంగం జూస్తుండు, నువ్వు ఫోన్ జూస్తున్నవ్."

ఆ మాట నాకు తగిలింది, అయినా తుడిచేసుకున్నాను. డాక్టరమ్మ దగ్గరికి పోయి ఆగస్టు పదిహేను ఎట్లుంటుందని అడిగాను. ఫ్రాన్సు చక్రవర్తి పుట్టింది ఆ రోజే, పనామా కాలువ తెరిచింది ఆ రోజే, జపాను లొంగిపోతున్నానని చెప్పింది ఆ రోజే, మనకు స్వాతంత్ర్యం వచ్చిందీ ఆ రోజే. ఆమె అన్నీ ఓపిగ్గా విని, "అన్ని రోజులు ఆగితే పిల్లకు ప్రమాదం సార్" అన్నది. ఆ ఒక్క ముక్కతో నాకు బుద్ధి రావలసింది. నేను మాత్రం పదిహేను పోతే పోనీ అనుకుని మిగతా తారీఖుల మీద పడ్డాను.

ఆదివారం వియ్యంకులు సిరిసిల్ల నుంచి వచ్చారు. హాల్లో కూర్చుని చాయ్ తాగుతూ మొదలుపెట్టాం. నేను ఏడో తారీఖు అన్నాను. విదేశీ బట్టలను బహిష్కరించాలని కలకత్తాలో తీర్మానం చేసిన రోజు, ఇప్పుడు చేనేత దినోత్సవం. మగ్గాలవాళ్లు కదా, పొంగిపోతారనుకున్నాను.

వియ్యంకుడు గడ్డం గోక్కున్నాడు. "బావా, మాది కరెంటు మగ్గం. చేనేతోళ్లు ఇంటె కొడ్తరు."

"అయితె ఎనిమిది. క్విట్ ఇండియా అన్న రోజు."

"అంటె ఏందన్నా?" అన్నది వియ్యపురాలు.

"దేశం ఇడిసి పొమ్మనుడు."

"పుట్టే పిల్లకు గదేం మాటన్నా!"

నాకు రోషం వచ్చింది. తెలంగాణ వచ్చిన జూన్ రెండు నుంచి నిజాం లొంగిపోయిన సెప్టెంబర్ పదిహేడు దాకా తెలిసిందంతా వల్లించాను. ఆమె రాహుకాలం, వర్జ్యం తీసింది. మా మధ్యలో బిడ్డ లోపలి అర్రలో నుంచి వచ్చి, గోడకు చెయ్యానించి నిలబడి, నీళ్లు తాగి మళ్లీ లోపలికి పోయింది. పోతుంటే నేను, "ఫ్యాన్ జర పెంచి పో బిడ్డా" అన్నాను. ఆమె పెంచి పోయింది. ఏ తారీఖూ తేలలేదు. రెండ్రోజులు ఆగి మళ్లీ మాట్లాడుకుందామని లేచాం.

మంగళవారం పొద్దున నేను నల్లబల్ల మీద సున్నం చాకుపీసుతో ఇంకా పైవరుసే రాస్తున్నాను. భార్య ఫోన్. "ఉమ్మనీరు వోయింది. ఆటోల దవాఖాన్లకు తోల్కపోతున్న. జెల్ది రా."

ఉన్నపళంగా బస్సెక్కాను. అంతలోనూ చేతికి అలవాటు పోలేదు, ఫోన్‌లో ఆ రోజు తారీఖు తెరిచింది. అందులో ఎప్పుడూ రెండు వరుసలుంటాయి, ఈ రోజు పుట్టినవాళ్లు, ఈ రోజు పోయినవాళ్లు. రెండో వరుస మీద కన్ను పడగానే ఫోన్ ఆపేసి జేబులో కుక్కాను. ఇన్నేళ్లూ ఆ వరుసను నేను ఎంత హుషారుగా చదివి వినిపించానో తలుచుకుని ముందు సీటు కడ్డీకి తల ఆనించాను. కండక్టరు వాంతి అనుకుని కిటికీ పక్కకు జరగమన్నాడు.

నేను చేరేసరికి డాక్టరమ్మ ఎవరినీ ఏ తారీఖూ అడగకుండా ఆపరేషన్‌కు తీసుకుపోయింది. కాళ్లకంటే ముందు బొడ్డుపేగు జారిందట. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. తీసుకుపోయి అద్దాల గదిలో పెట్టి తలుపు మూశారు. కొండగట్టు దగ్గర అంజన్న గుడికి వచ్చిన బండ్లలో చిక్కుకుని, వియ్యంకులు ఆలస్యంగా వచ్చారు. వియ్యపురాలు వచ్చి నా పక్కనే బెంచీ మీద కూలబడింది. ఘడియ ఏదని ఆమె అడగలేదు, తారీఖు ఏదని నేను చెప్పలేదు. ఇద్దరం ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక సన్నగా ఏడుపు వినబడింది. నర్సు తల బయటపెట్టి, "ఏడ్చింది, ఇంక భయం లేదు" అన్నది. వియ్యపురాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని బోరుమన్నది. నేనూ ఏడ్చాను, దవాఖానంతా వినబడేట్టు.

మర్నాడు మత్తు దిగి నా బిడ్డ కాస్త తేరుకుంది. మిగతావాళ్లు టిఫిన్‌కు పోతే నేనొక్కణ్ణే మంచం పక్కన ఉన్నాను. ఏం మాట్లాడాలో తెలియక, నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య నోటిదాకా వచ్చింది.

"ఐదో తారీఖు కూడ తక్కువదేం గాదు బిడ్డా, చరిత్రల..."

"బాపూ," అన్నది. "మీరు హాల్ల కూసోని తారీఖులు ఏరుకుంట ఉన్నప్పుడు, నేను అర్రల కడుపు మీద చెయ్యివెట్టుకోని కూసున్న. పొద్దుగాల కదిలింది, మల్ల కదుల్తలేదని. నీళ్ల కోసమని బయిటికచ్చిన. చెప్దామనే అచ్చిన. నువ్వు ఫ్యాన్ పెంచుమన్నవ్."

వందల ఏళ్ల కింద ఏ దేశంలో ఏ పూట ఏం జరిగిందో చెప్పే నేను, ఆ ఆదివారం నా ఇంట్లో ఏం జరిగిందో చూడలేదు. సిగ్గుతో తల వంచుకుని చాలాసేపు ఆమె పాదాల దగ్గరి దుప్పటి సర్దుతూ ఉండిపోయాను.

"ఇప్పుడెట్లున్నది బిడ్డా?" అని అడిగాను చివరికి.

ఆమె కళ్లు మూసుకుంది. "నొస్తున్నది బాపూ," అని, కళ్లు తెరవకుండానే, "గిది ముందుగాల అడుగకపోతివి," అన్నది.