ఒక్కదాని బండి

ఇంగ్లండులోని హల్ ఊరి చివర, కారు వెనక కట్టుకుని లాక్కెళ్ళే ఇళ్ళలాంటి పాత కారవాన్ బండ్లు అమ్మే దొడ్లోకి హిల్డా ప్రతి శనివారం బస్సులో వస్తుంది. అరవై దాటిన మనిషి. గొడుగు చంకలో ఇరికించుకుని ఒక్కో బండీ ఎక్కి పరుపులు నొక్కి చూస్తుంది, మూలల్లో చెమ్మ వాసన ఉందేమో పసిగడుతుంది, బల్ల దగ్గర కాసేపు కూర్చుని కిటికీలోంచి పక్క బండికేసి చూస్తుంది. ఇన్నాళ్ళకి ఆమె స్తోమతకి తగ్గ పెద్ద బండి ఒకటి దొరికింది. దాన్ని లాగడానికి అక్కడే చవకలో ఓ చిన్న కారు కూడా చూసుకుంది.

"ఆ కారుకి కడితే, బండే కారుని లాక్కుపోతుందమ్మా!" అని నవ్వాడు యజమాని డెరిక్. "గట్టిగా లాగే ఆ డీజిల్ కారు తీసుకోండి, అదే ధరకిస్తాను. వెనక్కి తీసేటప్పుడు మాత్రం మీవారిని వెనకాల నిలబడి చెయ్యి ఊపమనండి."

"ఆయన లేరయ్యా."

"పోనీ, స్నేహితులెవరైనా..."

 హిల్డా బయట పడుతున్న వానలోనే నడిచి, వరస చివరున్న బుల్లి బండి దగ్గర ఆగింది. బ్రేకు తీయించి, రెండు చేతులూ ఆనించి, బురదలో కాళ్ళు తన్నిపెట్టి తోసింది. అది కదల్లేదు. డెరిక్ చెయ్యి వేయబోయాడు.

"నువ్వు పట్టకు నాయనా," అంది రొప్పుతూ. "రేపు నేను బండి ఆపుకునే చోట నువ్వుండవుగా."

మళ్ళీ తోసింది. బండి జానెడు కదిలింది.

"ఇదివ్వు."