మా తోడికోడలి పాట బయటికొచ్చిన రోజు

మా తోడికోడలు పోయింది. డెంగీ జ్వరం. సోమవారం కంపెనీ నుంచి వచ్చి ఒళ్లు నొప్పులంటూ పడుకున్న మనిషి ఆదివారానికి లేదు. దవాఖానా నుంచి మా మరిది ఫోన్ చేసి "వదినా" అని ఊరుకున్నాడు.

ముప్పై దాటి ఎంతో కాలేదు. చిల్కానగర్‌లో మాదంతా ఒకే ఇల్లు; కింద అత్తమ్మ, మేము, పైన వాళ్లిద్దరూ. వీధిలో చాలామందికి ఆమె నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ చూసుకునే అమ్మాయిగానే తెలుసు. సాయంత్రాలు పైగదిలో లాప్‌టాప్ ముందు సంగీతం కట్టేదని, దాని మీద బెంగళూరు కుర్రాళ్లు ర్యాప్ పాడేవాళ్లని తెలిసింది తక్కువమందికి. ఆ పాటలన్నీ వాళ్ల పేర్లతోనే వచ్చాయి. అందుకే రాస్తున్నాను. రాయడానికి నేను తగినదాన్నేనా అంటే చెప్పలేను. ఆ సంగీతం నాకు సగమైనా అర్థమయ్యేదో లేదో.

పెళ్లయి వచ్చినప్పుడు ఆమె సామాన్లలో రెండు నల్లటి స్పీకర్లున్నాయి. అత్తమ్మ వాటి చుట్టూ ఒకసారి తిరిగి, "బీరువా తెస్తదనుకున్న, డబ్బాలు తెచ్చింది" అంది.

"బీరువా పాడదు కద అత్తమ్మా" అంది కొత్త కోడలు.

వాళ్లిద్దరి మధ్య ఆ రోజు మొదలైన ఎకసెక్కాలు చివరిదాకా ఆగలేదు.

ఆమె ఒకచోట కుదురుగా కూచునే రకం కాదు. పొయ్యి మీద పాలు పెట్టి గట్టు మీద వేళ్లతో దరువేస్తూ పాలు పొంగించేది. నేను కాలేజీ పేపర్లు దిద్దుకుంటుంటే మెట్ల మీద పరుగున దిగి, అడక్కుండానే నా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టేది. "జర ఇను అక్కా. బ్రెజిల్‌ల దొరికింది, మన తీన్మార్‌కు మేనత్త బిడ్డ." ఒక వారం జమైకా, ఇంకో వారం కెన్యా. ఎక్కడి డోలు విన్నా దానికి మనవైపు చుట్టరికం వెతికేది. ఆ చుట్టరికాలు నిజమైనవో, ఆమె కలిపినవో నాకిప్పటికీ తెలియదు. విన్నంతసేపు మాత్రం నిజమే అనిపించేది.

నేను బాగుందంటే ఒప్పుకునేది కాదు. "బాగుంది అనకు. యాడ బోర్ కొట్టిందో చెప్పు." రెండు చీరల్లో ఒకటి తేల్చుకోలేని నన్ను పట్టుకుని ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కతే. తడబడుతూ నేనేదో చెబితే, నిజంగానే అక్కడ కత్తిరించేది.

పాట పూర్తయిందనుకున్నాక పరీక్ష ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర జరిగేది. వెనక సీటు కింద పెద్ద స్పీకర్లున్న షేర్ ఆటో చూసి ఎక్కేది. డ్రైవర్‌ను బతిమాలి తన పాట పెట్టించి, రామంతాపూర్ దాకా జనం మొహాలు చూస్తూ కూచునేది. "హెడ్‌ఫోన్లల్ల అన్నీ మంచిగనే వినవడ్తయక్కా. గుంతల రోడ్డు మీద నిలవాలె." ఒకసారి నన్నూ తీసుకెళ్లింది. కొంతదూరం పోయాక డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఏందక్కా, పాట ఎప్పుడు మొదలయితది?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం సీరియస్‌గా ఫోన్ తీసి, "మొదలు లేటయింది, కరెక్టే అన్న" అంది. ఇంటికొచ్చి మొదటి ముక్కంతా తీసేసింది.

ఈ మధ్య నైరోబీలో ఒక గాయనితో కలిసి పాట చేసింది. ఇద్దరూ ఒకరినొకరు ఎదురుగా చూసింది లేదు. ఆ అమ్మాయి గొంతు, జమైకా బాస్ మోత, మన తీన్మార్ దరువు. మొదటిసారి తన పేరుతో రావాల్సిన పాట. జ్వరం రాకముందే నెట్‌లో విడుదల తేదీ పెట్టేసింది. దహనం మరునాడు మా మరిది ఆమె ఫోన్ చూసి నా దగ్గరికొచ్చాడు.

"వదినా, శుక్రవారం పాట దానంతటదే బయటికొస్తది. ఆపాల్నా?"

శుక్రవారమంటే దినాలకు ముందే. అది చిందేయించే పాట. ఇంట్లో టీవీ కూడా పెట్టని రోజులవి. జనగామ నుంచి వచ్చి హాల్లో కూచున్న మా చినమామ అది విని, "దీపం ఆరిన ఇంట్లకెల్లి డ్యాన్స్ పాటనా? నలుగురు ఏమనుకుంటర్రా?" అన్నాడు. ఆయన మాట నాకు తప్పనిపించలేదు. ఆపితే ఆమెకు అన్యాయమనీ అనిపించింది. నైరోబీ అమ్మాయిని అడిగితే, మీ ఇష్టమే నా ఇష్టమని రాసింది. దినాలయ్యాక విడుదల చేద్దామా అంటే మరిది తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు ఆపితే మళ్ల నేను పెట్టలేను వదినా. నాతోని కాదు."

ఆ రోజంతా నేను మెట్లెక్కుతూ దిగుతూనే ఉన్నాను.

"ఏంది గుసగుసలు?" అంది అత్తమ్మ గోడకానుకుని కూచునే. చెప్పాం. అత్తమ్మ పైగది మెట్లవైపు చూసింది.

"పెద్దోళ్లు పోతే డప్పులు కొట్టిస్తం. వయసుల పోయిందని పిల్లకు కొట్టియ్యలే. ఇన్నొద్దులు ఇంట్ల గంత సప్పుడు జేసింది. సప్పుడు లేకుంట తీస్కపోయినం." కొంగుతో మొహం తుడుచుకుంది. "రానీ. బయట మోగనీ. ఇంట్ల మాత్రం దినాలయ్యేదాంక వద్దు."

చినమామ తువ్వాలు భుజాన వేసుకుని వాకిట్లోకి వెళ్లాడు.

శుక్రవారం పొద్దున మరిది ఫోన్ తెరిచాడు. పాట వచ్చింది. కింద ఆమె పేరు. అతను సౌండు పూర్తిగా తగ్గించి పాట నొక్కి, ఫోన్ చాప మీద పెట్టాడు. అత్తమ్మ, నేను, అతను చుట్టూ కూచున్నాం. తెర మీద సన్నని గీత ఒకటి ఎడమ నుంచి కుడికి జరగడం మొదలుపెట్టింది.

"ఇప్పుడేమొస్తున్నది?" అంది అత్తమ్మ.

"డోలు."

"ఇప్పుడు?"

"నైరోబీ పిల్ల పాడుతున్నదమ్మా." పాటంతా అతనికి నోటికొచ్చు. "ఇక్కడ జర ఆగుతది. ఏం ఉండదు. ఇగో, అన్నీ ఒక్కసారి లేచినయ్."

గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. గీత కొసకు చేరింది. అయిపోయిందనుకుని నేను చెయ్యి చాపేలోపే అది మళ్లీ ఎడమ అంచుకు వెళ్లి, మెల్లగా కదలడం మొదలుపెట్టింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.