మా పడసాలలో అచ్చు అతికిన వానకాలం

మొన్న మనవరాలు కొత్త గద్వాల చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. నేను దాంట్లో ముఖం పెట్టి పీలుస్తుంటే అది పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ! ఆ వాసనతో మా నేతగాళ్ల వాడ, వానకు తడిసిన మట్టి మిద్దెలు, పొయ్యి మీద ఉడికే మక్క గుగ్గిళ్లు, మూలన కూర్చుని చింతగింజలతో మేమాడిన ఆటలు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

ఆ వానకాలమే మా చెల్లె పుట్టింది. పుట్టిన నాటి నుంచి అమ్మకు మాటే లేదు. పిల్ల ఏడిస్తే గోడవైపు తిరిగేది; పక్కింటి బాలింత వచ్చి పాలిచ్చి పోయేది. మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, ఆమె నోటికి గద్వాల కోట కూడా జంకేది, గాలి సోకిందని అమ్మకు తాయెత్తు కట్టించి, దిష్టి తీసి, చివరికి తేల్చేసింది.

"అమాస పోయినంక దీన్ని ఆత్మకూరుకు, తల్లిగారింటికి తోలుదం. పిల్లను మనమే సాదుకుందం."

నాయన మగ్గం గుంటలో తల వంచుకున్నాడు. అమ్మ ఇక తిరిగి రాదేమోనని నాకు ఒకటే గుబులు.

మరునాడే ఎదురింటి నర్సమ్మత్త నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని, అచ్చు మోసుకుని దిగింది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే, దువ్వెన లాంటి ఆ అచ్చులో మిగిలిన కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటిగా, బూడిద అద్దిన వేళ్లతో మెలేసి అతకాలి. నలుగురూ చుట్టూ కూర్చుంటే గానీ తెమలని పని అది.

"మా మిద్దె ఉరుస్తుంది పెద్దమ్మ. జర ఈడనే అతుక్కుంటం" అంది అత్త. ఆ మిద్దె చుక్క ఉరవదని వాడకంతా ఎరుకే! జేజి గొణిగింది గానీ అడ్డు చెప్పలేదు.

అచ్చును సరిగ్గా అమ్మ మంచం పక్కనే పెట్టారు. అమ్మను ఒక్కమాట అడగలేదు. చెల్లె ఈ ఒడిలోంచి ఆ ఒడిలోకి పోతుంటే, గుగ్గిళ్లు నములుతూ, మొగుళ్లను ఆడిపోసుకుంటూ, ఒకరినొకరు చరుచుకుంటూ ఒకటే నవ్వులు. రోజూ ఇదే తంతు. ఒకరోజు ఆ నవ్వుల్లో పడి పోగులు తప్పారు.

"ఏందే! అంచు పట్టుపోగుకు నూలుపోగు అతుకుతున్నరు? కండ్లు యాడ బెట్టిన్రు?"

అమ్మ గొంతు! అందరి తలలూ మంచం వైపు తిరిగాయి. తప్పు చూసి అమ్మకు ఫక్కున నవ్వొచ్చింది, ఆ నవ్వే ఏడుపైంది.

"వదినె, పిల్లను ముట్టాలంటె భయమైతుంది. నా చేతుల్ల ఏమన్న అయితదేమో అనిపిస్తది."

"నా రెండోడు పుట్టినప్పుడు నాకు గట్లనే అయింది. ఎవ్వరికి జెప్పలే" అంది నర్సమ్మత్త.

"నాకు గూడ" అంది ఇంకొకామె. తర్వాత, ఎవరూ అనుకోలేదు, మూలన నూలు చుడుతున్న జేజి చేయి ఆగింది.

"నా కొడుకు పుట్టినప్పుడు నాకు గూడ. ఎవరేమంటరోనని నోరు మూసుకున్న."

ఆత్మకూరు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. జేజి తానే సజ్జరొట్టె మీద వెల్లుల్లి కారం, నెయ్యి వేసి అమ్మకు ముక్కలు పెట్టింది. తెల్లారేసరికి అన్నీ సర్దుకోలేదు. కానీ రోజుకింత మాట, రోజుకింత తిండి, వానలు వెనకబట్టేసరికి అమ్మ చెల్లెను ఒళ్లో వేసుకుని తానూ పోగులు అతికింది. నేను వీధంతా ఎగిరాను!

ఇప్పుడా మిద్దెలు లేవు, అంతమంది పట్టే పడసాలలూ లేవు. మా బంధువుల్లో ఎవరింట్లో బిడ్డ పుట్టినా గౌన్లు, గిలక్కాయలు పట్టుకుని అందరూ ఉయ్యాల చుట్టూ మూగుతారు. నేను మాత్రం మోకాళ్లు పట్టుకుని మెల్లగా పోయి తల్లి మంచం మీద కూర్చుంటాను.