ఎదురింటి అరుగు మీద అయిదు గంటలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకోండి, కాస్త చెవొగ్గితే చాలు.

దాచేపల్లి దాటి బాగా లోపలికి పోతే మా అక్కావాళ్ల ఊరు. గుంటూరుకు రోజుకొక్కటే బస్సు, పదకొండింటికి. అక్క కాలు విరిగితే వండిపెట్టడానికి వెళ్లి నాలుగు నెలలు ఉండిపోయాను. ఇప్పుడిప్పుడే కర్ర పట్టుకుని వసారా దాకా వస్తోంది.

బయలుదేరే ముందురోజు సాయంత్రం, పులుసులో ఉప్పెక్కువైందని అక్క కంచం నెట్టేసింది. నాకు ఒళ్లు మండింది. "నీ చాకిరీకో దండం. ఇంక జన్మలో నీ గడప తొక్కితే ఒట్టు!" అనేశాను. అనగానే నాలుక కరుచుకున్నాను. పొద్దున్నే పక్కన కూర్చుని, తల దువ్వుతూ ఆ మాట వెనక్కి తీసుకుందామనుకున్నాను.

తెల్లారీ తెల్లారకముందే బావ పంచాంగం పట్టుకుని లేపాడు. "అమ్మాయ్, ఆరు దాటితే వర్జ్యం. సంచి ఎదురింట్లో పెట్టించు."

దీన్ని మావైపు పరస్థానం అంటారు. మంచి గడియలో సామాను వేరే ఇంటికి చేరిస్తే మనిషి వెళ్లినట్టే లెక్క. ఆ తర్వాత ఎప్పుడు బయలుదేరినా దోషం లేదు. సంచి ఎవరిచేతైనా పంపాల్సింది. తొందరలో నేనే చంకన పెట్టుకుని రోడ్డు దాటాను. అరుగు మీద పెట్టి తిరిగొస్తే బావ వాకిట్లో చేతులడ్డం పెట్టాడు.

"ఆగాగు! సంచితోపాటు నువ్వూ దాటావుగా. ఇంక లోపలికి రాకూడదు."

"ముఖమన్నా కడుక్కోలేదు బావా!"

"వాళ్లింట్లో నీళ్లు లేవా ఏంది?"

అక్క వసారాలో, నేను అరుగు మీద. మధ్యలో సిమెంటు లారీలు. ఫోన్ చేస్తే బావే ఎత్తి, "ఎదురుగా కూర్చుని ఫోనేంది? అరిచి చెప్పు," అన్నాడు. అరిచి చెప్పే మాటా అది? ఎదురింటావిడను పంపించాను. ఆవిడ వెళ్లి, నవ్వుకుంటూ వచ్చింది.

"తొక్కనంది, తొక్కట్లేదు, మాట మీద నిలబడే మనిషి అంటోంది మీ అక్క."

"పంచాంగం వల్లనని చెప్పకపోయావా?"

"చెప్పా. నాలుగు నెలల్లో ఏనాడూ చూడని పంచాంగం ఇవాళే దొరికిందా అంది."

రెండుసార్లు రోడ్డు మధ్యదాకా వెళ్లాను. రెండుసార్లూ బావ ఒకటే మాట: "ఈ వారం డాక్టరు కాలు చూస్తాడు. నువ్వు వెనక్కొచ్చిన దోషం తగిలి దానికేమన్నా అయితే నీదే పాపం." వెనక్కొచ్చేశాను. తొక్కితే ఏం పోయేది? తలుచుకుంటే బావ మీద కన్నా నా మీదే నాకు కోపం.

బస్సు వచ్చింది. మెట్టు మీద నిలబడి, "అక్కా! మళ్లీ వస్తాను!" అని గొంతు చించుకున్నాను. కండక్టరు లోపలికెక్కమని కసిరాడు. అక్క కర్ర పట్టుకుని లేచి, ఇటు చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది.

పది రోజులైంది. ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నా," అని పెట్టేస్తోంది. వచ్చే వారం మళ్లీ ఆ బస్సే ఎక్కుతాను. ఈసారి వర్జ్యమో దుర్ముహూర్తమో నేనడగను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ అక్కచెల్లెళ్లు ఎంత పోట్లాడుకున్నా, ఒకే కంచం దగ్గర కూర్చుని కలిసిపోవాలి తల్లీ.