ప్రార్థనలో అమ్మ పేరు

మనవరాలి బడిలో పొద్దున్నే మైకులో పేర్లు చదువుతుంటే నేను ఇప్పటికీ ఆగి చివరి పేరుదాకా వింటాను.

చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా మిషను బడి ప్రార్థనలో, ఆటల్లో గెలిచిన పిల్లల పేర్లయ్యాక పంతులమ్మగారు జబ్బుపడ్డవాళ్ళెవరిదో పేరు చెప్పి, వాళ్ళకోసం కళ్ళు మూసుకోమనేవారు. ఒకరోజు ఆ పేరు మా అమ్మది. అమ్మ దగ్గుతో మంచం పట్టి ఉంది. ఆమె పేరు బడంతా విన్నదని నేను పొంగిపోయాను.

పక్కనున్న మరియమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“మా నాన్న పేరు గూడా రోజూ చెప్పేవోళ్ళు.”

“మరిప్పుడు చెప్పట్లేదే?”

“ఇంక అక్కర్లేదంట.”

నయమైందనుకున్నాను. ఇంటికి పరుగెత్తి, “అమ్మా, నీ పేరు గూడా తొందర్లోనే మానేస్తారు,” అన్నాను.

అమ్మ మెల్లగా మంచం మీద లేచి కూర్చుంది. “దువ్వెన తెచ్చుకో. జడ ఎట్టా వేసుకోవాలో చెప్తా,” అంది.

పరీక్షలు రాకముందే పంతులమ్మగారు అమ్మ పేరు చెప్పడం మానేశారు. అప్పటికి నా జడ నేనే వేసుకుంటున్నాను.