సాకధారలో మా ఊరు

ఊళ్ల మీద ఎవరైనా అసూయ పడతారా? నేను పడ్డాను. కేతేపల్లి పేరు వింటే నాకిప్పటికీ కడుపుమంటే.

మా వాకిట్లో వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి ఒకటి ఉండేది. అదే మా ముత్యాలమ్మ. శుక్రవారం పొద్దున్నే అమ్మ తలకు పోసుకుని, చెంబెడు పసుపునీళ్లలో ఇంత బెల్లం, నాలుగు వేపాకులు వేసి ఆ రాయి ముందు ధారగా పోసేది. దాన్ని సాక పోయడం అంటారు. ధార తెగకుండా ఊళ్ల పేర్లు తీసేది.

“నకిరేకల్ సల్లగుండాలె. కేతేపల్లి సల్లగుండాలె. గొర్లు కాసేటోళ్లు, కల్లు గీసేటోళ్లు, మగ్గం నేసేటోళ్లు సల్లగుండాలె. నల్లగొండ జిల్లంత సల్లగుండాలె తల్లీ.”

అక్కడికి చెంబు ఖాళీ. మా ఊరి పేరు వచ్చేది కాదు. నేను అరుగు మీద కూర్చుని ప్రతివారం ఎదురుచూసేదాన్ని. అమ్మ తన కళ్లతో చూసిన ఊళ్లు నాలుగైనా ఉండవు. చూడని జిల్లాకంతా దండం పెట్టి, చూస్తున్న బిడ్డను మరిచిపోతుందని నా మంట. ఒకనాడు అడిగేశాను.

“ఎదురుంగ ఉన్నోళ్ల ఊరు తియ్యొద్దు బిడ్డా, దిష్టి తగుల్తది” అంది. “మన ఊరి పేరు ఇంకో ఊర్లె ఇంకో తల్లి తీస్తది.”

“ఎవరా తల్లి?”

“నాకేమెర్క. ఉంటది.”

నేను నమ్మలేదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు కదా, నా సంగతీ అంతే అనుకున్నాను.

కేతేపల్లి మీదే ఎందుకంత మంట అంటే, అక్కను ఇచ్చింది ఆ ఊరికే. ఆ పేరు దగ్గరికి రాగానే అమ్మ చెంబు కొంచెం ఎత్తి పట్టేది. ధార సన్నబడేది. అలా చేస్తే ఆ ఊరి మీద నీళ్లు ఎక్కువసేపు పడతాయని ఆమె లెక్క. నకిరేకల్‌కు ఆ మర్యాద లేదు. ఇంట్లో నెయ్యి ముద్దలూ నాకే, కొత్త లంగాలూ నాకే. అయినా ఆ సన్నధార అక్కదని నాకు తిన్నది ఒంటపట్టేది కాదు.

రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజులవి. ఒక గురువారం మధ్యాహ్నం కేతేపల్లి దిక్కున పొగ లేచింది. పొద్దు వాలకముందే అక్క చంటిపిల్లను చంకనేసుకుని చేలకడ్డంపడి వచ్చింది. కాళ్ల నిండా ముళ్లు. బావ మాత్రం రాలేదు. రజాకార్లను ఎదిరించే సంఘపోళ్లతో కలిసి వడిసెల పట్టుకుని బురుజు మీద కావలి ఉన్నాడు. రాళ్లు విసిరే వడిసెలతో తుపాకులను ఎంతసేపు ఆపుతాడో ఎవరికీ తెలియదు.

మర్నాడు శుక్రవారం. అమ్మ సాక పోసింది. నకిరేకల్ వచ్చింది, కేతేపల్లి రాలేదు. అక్క ఎదురుగా ఉందిగా మరి. ఇన్నాళ్లకు అక్క సంగతీ నా సంగతీ ఒక్కటే అయిందని నా లోపల సంబరం. అంతలో అక్క వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, ఆయన ఆడనే ఉన్నడే. మా ఊరు తియ్యవా?”

ధార తెగింది. అమ్మ చేతిలో ధార తెగడం అంతకుముందు నేను చూడలేదు. రాయినీ అక్కనీ మార్చి మార్చి చూసి, “నువ్వు జర దర్వాజ అవతలికి పో” అంది.

అక్క బయటికి పోయింది. అమ్మ చెంబు మళ్లీ నింపి, అక్కకు వినపడకుండా గొంతు తగ్గించి, ఒక్క కేతేపల్లికే ఆ చెంబంతా పోసింది. అంత సన్నధార నేనెన్నడూ చూడలేదు. నన్నెవరూ అవతలికి పొమ్మనలేదు. బావ చస్తాడో బతుకుతాడో అన్న ఘడియలో కూడా నాకు ఆ చెంబు మీదే కన్ను.

బావ బతికాడు. రజాకార్లను అణచడానికి వచ్చిన మిలట్రీ ట్రక్కులు నకిరేకల్ రోడ్డున పోయిన తరువాత కుంటుకుంటూ వచ్చి అక్కను తీసుకుపోయాడు. రజాకార్లు మాయమయ్యారు. వాళ్ల మీది కోపం ఏ పాపం ఎరగని తురకల ఇళ్ల మీదికి మళ్లింది. మాకు గాజులేసే సాయెబు దుకాణం మూసి ఎటో పోయాడు. ఆ వారం అమ్మ “సాయెబుల ఇండ్లు సల్లగుండాలె” అని కలిపింది.

“వాళ్లకు గూడ మొక్కుతున్నవా?” అన్నాడు నాయిన.

“రజాకారు వేరె, నా బిడ్డలకు గాజులేసినాయన వేరె” అంది అమ్మ.

తరువాత మిలట్రీ సంఘపోళ్లనే వెతకడం మొదలుపెట్టింది. “అడివిల దాక్కున్నోళ్లు సల్లగుండాలె” కూడా చేరింది. జిల్లాలో అందరికీ చోటు దొరికింది, నాకు తప్ప.

నన్ను హాలియాకు ఇచ్చారు. అప్పటికింకా కాల్వ రాలేదు. జొన్నచేలు, ఆముదాలు, వేసవి వస్తే నీళ్లకు కటకట. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు. ఇక అమ్మ నోట నా అత్తగారి ఊరు వస్తుందని ఒకటే సంతోషం. దాన్ని నా చెవులతో వినాలని శుక్రవారం కలిసొచ్చేట్టు చూసుకుని పుట్టింటికి వచ్చాను.

పొద్దున్నే వెళ్లి వేపచెట్టు కింద నిలబడ్డాను. అమ్మ చెంబుతో వచ్చి నన్ను చూసి ఆగింది.

“జర దర్వాజ అవతలికి పో బిడ్డా.”

ఈ మాట కోసమే కదా ఇన్నేళ్లు అక్క మీద కుళ్లుకున్నాను. వెళ్లి దర్వాజ వెనుక నిలబడి చెక్కకు చెవి ఆనించాను. అమ్మ గొంతు తగ్గించింది. ఒక్క మాటా వినపడలేదు, నీళ్ల చప్పుడు తప్ప. ఉన్నట్టుండి ధార సన్నబడింది. సన్నగా, చాలాసేపు పడింది.

అది హాలియాకో, కేతేపల్లికో నాకు తెలియలేదు.