రాజు చనిపోయే అధ్యాయం

నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కి నవల తెరిచాను. మా పల్నాటి యుద్ధాన్నే ఈ కాలపు పద్ధతిలో తిరగరాసిన పుస్తకం. అట్ట మీద కత్తి పట్టిన రాజు. పక్క సీటు పెద్దాయన ఆ పుస్తకాన్నే గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

"ఇందులో రాజు చచ్చిపోతాడా?" అన్నాడు.

"చివర్లో అనుకుంటా. ఇంకా అక్కడిదాకా రాలేదు."

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

బస్సుల్లో మత్తు బిస్కెట్లు పెట్టి దోచుకునేవాళ్లు గుర్తొచ్చారు. "కడుపు నిండా తిన్నా. నాకేం వద్దు," అన్నాను కటువుగా.

"అయితే ఆ చావు ఇయ్యాల చదవబాక. ఆయన కత్తి మా ఇంట్లో ఉంది. మా ఊళ్లో వీరుల తిరనాళ్లలో ఆయన చావు కథ పాడే రోజు మేం పచ్చి మంచినీళ్లు కూడా ముట్టం."

నేను నమ్మలేదు. వీరుల కత్తి మా ఇంట్లో ఉందనేవాళ్లు పల్నాట్లో ఊరికొకరుంటారు. ఆయన కారెంపూడిలో దిగేదాకా సంచి మీద చెయ్యి తియ్యలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున చివరి అధ్యాయానికొచ్చాను. మా ఆవిడ ఇడ్లీ తెచ్చి పెట్టింది. పళ్లెం పక్కకు జరిపాను.

"ఏంది, ఒంట్లో బాగాలేదా?"

ఆకలి లేదని అబద్ధం చెప్పాను.